పాట గట్టిగా వస్తోందా? తప్పు పెట్టెది కాకపోవచ్చు!

కిందటి వారం ఆవపెట్టిన పనసపొట్టు కూర గురించి రాశాను కదా, ఈ వారం కూడా ఏదో కూరో పచ్చడో చెబుతానని మీరు పోపుగింటె పట్టుకుని కూర్చుని ఉంటారు. క్షమించాలి. ఈ వారం వంట లేదు. మా ఇంట్లో ఆరునెలలపాటు మమ్మల్ని మూడు చెరువుల నీళ్ళు తాగించిన ఒక పాటల పెట్టె కథ చెబుతాను. కథే కదా అని తీసిపారేయకండి. చివరికి మీ ఇంట్లో కూడా పనికొచ్చే సంగతే.

మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. కార్తీకమాసంలో ఒకనాడు తెల్లవారుజామున అయిదింటికి నేను కాలువకు వెళ్ళి దీపం వదిలి వచ్చి తడిబట్టలతో వాకిట్లో అడుగుపెట్టానో లేదో, ఇంట్లోంచి ఒక్కసారిగా సుప్రభాతం విరుచుకుపడింది. దేవుడు లేవడం మాట అటుంచి, వీధి వీధంతా లేచింది! లోపలికి పరుగెత్తి చూద్దునుకదా, మా అత్తయ్యగారు గోడకి ఆనుకుని గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. చేతిలోని కాఫీగ్లాసు కిందపడి కాఫీ అంతా ఒలికిపోయింది. ఆవిడకి డెబ్బయ్యెనిమిదేళ్ళు. పక్కింట్లో పదిహేను రోజుల బాలింతరాలు ఉంది. ఆ పసిగుడ్డు గుక్కపట్టి ఏడుపు. గోడవతల నుంచి పక్కింటావిడ, "ఏవండోయ్ వదినగారూ, మీ భక్తి మీ ఇంట్లో ఉంచుకోండి, మా మనవడి ప్రాణం తియ్యకండి!" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఒక్కమాట అనడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ రోజునుంచి అత్తయ్యగారు ఆ పెట్టె దగ్గరికి వెళ్ళడం మానేశారు. "వద్దులేవే అమ్మాయ్, నాకు పాటలొద్దు" అన్నారు. మూడేళ్ళ కిందట మావయ్యగారు పోయాక ఆవిడకి పొద్దుటిపూట సుప్రభాతం, మధ్యాహ్నం ఘంటసాల గారి భగవద్గీత, అంతే కాలక్షేపం. కళ్ళు సరిగా కనబడక పుస్తకం చదవలేరు. టీవీ చూడలేరు. ఆవిడ ఆ కుర్చీలో ఊరికే గోడకేసి చూస్తూ కూర్చుంటే నాకు వంట చేయబుద్ధయ్యేది కాదు.

మా అబ్బాయి మాత్రం తేలిగ్గా, "పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామమ్మా, చిన్న స్పీకరొకటి కొనిస్తాను" అన్నాడు. వాడికేం తెలుసు ఆ పెట్టె సంగతి?

ఆ పెట్టె మా పెద్ద ఆడపడుచుది. మా కోనసీమలో కువైట్ వెళ్ళని ఇల్లు వెతికితేగాని దొరకదు. ఆవిడ కూడా ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డప్పుడు ఆవిడ అక్కడే ఉంది. ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరితే అక్కణ్ణుంచి విమానాల్లో మనవాళ్ళని లక్షమందికి పైగా తీసుకొచ్చారు చూడండి, అలా కట్టుబట్టలతో ఇంటికి చేరింది. ఏడాదిన్నర ఊళ్ళో ఉండి, అప్పులు తీరక మళ్ళీ వెళ్ళింది. ఆ రెండోసారి కష్టంతో 1994లో వాళ్ళ నాన్నగారికోసం కొని తెచ్చింది ఈ స్టీరియో సెట్టు. రేడియో, రెండు క్యాసెట్లు పెట్టే చోటు, రెండు పెద్ద స్పీకర్లు. ఊళ్ళోవాళ్ళంతా తిరణాలకి వచ్చినట్టు వచ్చి చూసి వెళ్ళారు. దాన్ని పాత సామాన్లకి వేస్తే ఆవిడ అంట్లు తోమిన చేతుల్ని వేసినట్టే కదండీ! అందుకని నేను గట్టిగా, "వీల్లేదు" అన్నాను.

అసలు రోగం ఎలా మొదలయిందో చెబుతాను. క్యాసెట్లు తిప్పే రబ్బరు బెల్టులు ఏళ్ళు గడిచేసరికి మెత్తబడి బంకలా అయిపోయాయి. పాత సెట్లన్నిటికీ ఇది వచ్చే జబ్బే. క్యాసెట్టు తిరగడం మానేసింది. అప్పుడు మా అబ్బాయి బ్లూటూత్ డబ్బా ఒకటి కొని, దాని తీగ తెచ్చి పెట్టె వెనకాల గుచ్చాడు. ఫోన్లో పాట పెడితే పెద్ద స్పీకర్లలో వస్తుందన్నమాట. వచ్చింది, బాగానే వచ్చింది. కానీ వాల్యూమ్ మీట అంతకుముందు సగం తిప్పితే సరిపోయేది, ఇప్పుడు ఒకటో గీత దగ్గరే ఇల్లు ఎగిరిపోయేది. కొంచెం తగ్గిస్తే ఒకవైపు స్పీకరు మూగబోయేది. ఇంకొంచెం తగ్గిస్తే రెండూ మూగే. మధ్యలో సరిపడే చోటు లేదు!

పట్నంలో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాం. ఆ అబ్బాయి పెట్టె విప్పకుండానే, "వాల్యూమ్ కంట్రోలు పోయిందమ్మా" అన్నాడు. మార్చి మూడొందలు పుచ్చుకున్నాడు. ఇంటికొచ్చి పెడితే ఇదివరకటికంటే అధ్వాన్నం. తరవాత జరిగిందే ఆ కార్తీకమాసం గొడవ. అయితే ఒక మంచిపని మాత్రం చేశాను. తీసేసిన పాత కంట్రోలు అడిగి తెచ్చుకున్నాను. మీరు కూడా ఏ వస్తువు రిపేరుకిచ్చినా, మిక్సీ అయినా, ఫ్యాను అయినా, తీసేసిన సామాను అడిగి తెచ్చుకోండి. నామోషీ పడకండి. డబ్బు మనదే, సామాను మనదే.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. పూర్వం రేడియోలు బాగుచేసేవారు. వరసకి నాకు బాబాయిగారవుతారు. ఇప్పుడు చూపు ఆనక పని మానేశారు. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటే, ఆయన నన్ను ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "అమ్మాయ్, కంట్రోలు మార్చకముందు అదే పెట్టెలో రేడియో పెట్టి చూశావా? అప్పుడు కూడా ఒకటో గీతకే అరిచిందా?"

నేను నోరు తెరిచాను. నిజమే! కంట్రోలు మార్చకముందు రేడియో మామూలుగానే వచ్చేది. విజయవాడ స్టేషను సగం మీటకి హాయిగా వినబడేది. బ్లూటూత్ డబ్బా పెట్టినప్పుడే అరుపు. అంటే పెట్టె బాగానే ఉంది, దానిలోకి వస్తున్నదే ఎక్కువగా వస్తోంది! ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, ఆ షాపు అబ్బాయికీ తట్టలేదు. పప్పులో ఉప్పెక్కువైతే గిన్నె మార్చినట్టుంది మా పని.

బాబాయిగారు చెప్పిన వివరం మీకు మన కాలువల భాషలో చెబుతాను. ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు కాటన్ దొరగారు ఆనకట్ట కట్టించారని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. అక్కడ హెడ్ స్లూయిస్ దగ్గర ఎంత కావాలో అంతే వదులుతారు. పెద్దకాలువ నుంచి పిల్లకాలువ, పిల్లకాలువ నుంచి బోదె, బోదె నుంచి తూము, తూములోంచి చేలోకి. ప్రతిచోటా కొలతే. ఇప్పుడు పైన ఎవరో లెక్క లేకుండా పది రెట్ల నీళ్ళు వదిలారనుకోండి. మన చేను దగ్గర తూము జానెడు ఎత్తేవాళ్ళం, ఇప్పుడు వేలెడు ఎత్తినా గట్టు తెగిపోతుంది. అప్పుడు తూము మార్చితే ఏం లాభం? పైన తగ్గించాలి గాని!

పాటల పెట్టె కూడా అంతే. తనలోకి వచ్చిన సన్నటి ధ్వనిని ఇన్ని రెట్లు పెంచాలని తయారు చేసేటప్పుడే లెక్క వేసి పెడతారు. ఆ పెంచే లెక్కనే గెయిన్ అంటారు. మనం తిప్పే మీట ఆ లెక్కని మార్చదు, వచ్చినదాంట్లో ఎంత లోపలికి పోవాలో చూస్తుంది, మన తూములాగా. పాతకాలపు పెట్టెలు చాలావాటికి సుమారు 150 నుంచి 200 మిల్లీవోల్టులు వస్తే చాలు, మీట పూర్తిగా తిప్పితే పూర్తి సౌండు ఇచ్చేస్తాయి. మిల్లీవోల్టు అంటే వోల్టులో వెయ్యోవంతు. ఆ రోజుల్లో క్యాసెట్టు యంత్రం ఇచ్చేది వోల్టులో మూడోవంతో, సగమో. తరవాత 1982లో సీడీలు వచ్చాయి. సీడీ ప్లేయరు ఇచ్చేది 2 వోల్టులు. ఇప్పటి బ్లూటూత్ డబ్బాలు కూడా కొన్ని ఆ 2 వోల్టుల దాకా ఇస్తాయి. 200 మిల్లీవోల్టులు చాలని నోరు తెరుచుకుని కూర్చున్న పెట్టెకి 2 వోల్టులు పోస్తే పది రెట్లు పోసినట్టు. అందులో పదోవంతు లోపలికి పోయేసరికే దాని శక్తి అంతా అయిపోతుంది. ఇక మిగతా మీట అంతా తిప్పితే స్పీకర్లు చిరగడానికే.

ఒకవైపు స్పీకరు ఎందుకు మూగబోతుందో కూడా ఆయన చెప్పారు. స్టీరియో మీట లోపల కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, రెండు కంట్రోళ్ళు ఒకే ఇరుసు మీద ఉంటాయి. మొదట్లో, అంటే సున్నా దగ్గర, ఆ రెండూ సమంగా ఉండవు. మధ్యకి వచ్చాకే సర్దుకుంటాయి. అందుకని ఏ పెట్టె అయినా సగం మీట దగ్గర వాడుకునేలా ఉండాలి.

మరి షాపులో కంట్రోలు మారిస్తే ఇంకా ఎందుకు పాడయింది? నేను దాచి తెచ్చిన పాతదాన్ని భూతద్దం పెట్టి చూశారు బాబాయిగారు. దానిమీద 'ఏ' అని ఉంది. పెట్టెలో కొత్తగా వేసినదానిమీద 'బి' అని ఉంది. మన చెవి చిత్రమైనదండీ. శక్తి రెట్టింపు చేస్తే సౌండు రెట్టింపు అయినట్టు వినబడదు. రెట్టింపుగా వినబడాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. అందుకని వాల్యూముకి వాడే 'ఏ' రకం కంట్రోలు మొదట్లో మెల్లిగా పెరిగి చివర్లో వేగంగా పెరుగుతుంది, చెవికి మాత్రం సమంగా పెరుగుతున్నట్టు ఉంటుంది. 'బి' రకం మొదటినుంచీ ఒకే కొలతన పెరుగుతుంది. చెవికేమో మొదట్లోనే అంతా పెరిగిపోయినట్టు అనిపిస్తుంది. అసలే పది రెట్ల నీళ్ళు, దానికి తోడు తూము కూడా వంకరది! బాబాయిగారి శిష్యుడొకడు పాతదాన్నే శుభ్రం చేసి మళ్ళీ వేసి ఇచ్చాడు. రేడియో ఎప్పటిలా సగం మీటకి వచ్చింది. నా ప్రాణం సగం లేచి వచ్చింది.

ఇక బ్లూటూత్ డబ్బా సంగతి. మా అమ్మాయి, "ఇంతేగా అమ్మా, ఫోన్లో సౌండు తగ్గించి పెట్టుకో" అంది. నిజమే, మొదట చేయాల్సింది అదే, పైసా ఖర్చు లేదు. ఫోన్లో సౌండు మూడోవంతుకి తగ్గించి పెడితే పెట్టె మీట కొంచెం పైకి తిప్పుకోగలిగాం. వారం రోజులు హాయిగా గడిచింది. ఎనిమిదో రోజున మా మనవడు వచ్చి తన ఫోన్ని ఆ డబ్బాకి కలిపాడు. వాడి ఫోన్లో సౌండు నిండా ఉంది! మళ్ళీ అదే పిడుగు. ఈసారి అత్తయ్యగారు కుర్చీలోంచి లేవబోయి తూలారు. మావారు పట్టుకోబట్టి సరిపోయింది గాని, ఆ వయసులో పడితే తుంటి ఎముక ఏమయ్యేదో చెప్పండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి ఫోను కలిపినా, ఎవరు మరిచిపోయినా, పెట్టెలోకి మాత్రం కొలతగానే వెళ్ళాలి. అంటే మనుషుల జాగ్రత్త మీద ఆధారపడకుండా హెడ్ స్లూయిస్ దగ్గరే తగ్గించాలి.

దానికి వాడే సాధనం పేరు ఎటెన్యుయేటర్. పేరు చూసి భయపడకండి, వక్కపొడి డబ్బాలో పట్టేంత వస్తువు. రెసిస్టర్లని చిన్న చిన్న బియ్యపు గింజల్లాంటివి ఉంటాయి, రెండు వైపులా తీగెలు, ఒంటిమీద రంగు చారలు. రేడియో విడిభాగాల కొట్టులో రూపాయికో రెండు రూపాయలకో ఒకటి. కుడివైపుకి రెండు, ఎడమవైపుకి రెండు, మొత్తం నాలుగు కావాలి. ఒకటి 10 కిలో ఓములది. నాలుగు చారల రకంలో దాని చారలు గోధుమరంగు, నలుపు, నారింజ, తరవాత బంగారం. రెండోది 1 కిలో ఓము. దాని చారలు గోధుమరంగు, నలుపు, ఎరుపు, తరవాత బంగారం. చీరకి మ్యాచింగ్ జాకెట్టు చూసే మనకి ఇదొక లెక్కా!

డబ్బా నుంచి వచ్చే పాట తీగని 10 కిలో ఓముల రెసిస్టరు గుండా పెట్టెలోకి పంపాలి. పెట్టెవైపు కొస దగ్గర, పాట తీగకీ గ్రౌండు తీగకీ మధ్య 1 కిలో ఓముది కలపాలి. అంతే. వచ్చినదాంట్లో పదకొండోవంతు మాత్రమే పెట్టెలోకి పోతుంది, మిగతాది ఆ పెద్ద రెసిస్టరు దగ్గరే ఆగిపోతుంది. 2 వోల్టులు వస్తే సుమారు 180 మిల్లీవోల్టులు అవుతాయి. మా పెట్టెకి సరిగ్గా కావలసినంత! అంత తగ్గించక్కర్లేకపోతే 10 కిలో ఓములకి బదులు 4.7 వేస్తే సుమారు ఆరోవంతు, 2.2 వేస్తే సుమారు మూడోవంతు పోతుంది. పులుసులో చింతపండు తగ్గించి వేసుకున్నట్టు, ఎవరి ఇంటికి తగ్గట్టు వాళ్ళు.

బాబాయిగారి శిష్యుడు సోల్డరింగ్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని పట్టుకారుతో తీగెలు పట్టుకున్నాను. ఇంటర్‌లో ఫిజిక్సు ప్రాక్టికల్సు తరవాత మళ్ళీ ఇదే! మావయ్యగారి పాత వక్కపొడి రేకు డబ్బా ఉంటే దాంట్లో పెట్టాం. రేకు డబ్బా గ్రౌండు తీగకి తగిలిస్తే గుయ్‌మనే శబ్దం రాదట. లోపల రెసిస్టర్ల కాళ్ళు రేకుకి తగలకుండా టేపు చుట్టాలి. అన్నట్టు, పెట్టెవైపు తీగ పొడుగు మూరకి మించకుండా చూసుకున్నాం.

ఇంటికొచ్చి కలిపి, మనవడి ఫోన్లో సౌండు నిండా పెట్టించాను. అత్తయ్యగారిని ముందుగా పెరట్లో కూర్చోబెట్టాను, ఎందుకైనా మంచిదని. పెట్టె మీట సున్నా నుంచి మెల్లిగా తిప్పాను. ఒకటి... రెండు... మూడు... పాట ఎక్కడో కాలువ అవతలి గట్టున వినబడుతున్నట్టు మొదలై, అయిదో గీత దగ్గరికి వచ్చేసరికి గది నిండా హాయిగా సర్దుకుంది. రెండు స్పీకర్లూ సమానంగా పలికాయి. ఇదివరకు పాట ఆగినప్పుడు వినబడే 'స్‌స్‌స్' మనే రొద కూడా తగ్గిపోయింది, డబ్బా నుంచి వచ్చే రొద కూడా పాటతోపాటు పదకొండోవంతే అయింది కదా మరి. అయిదో గీత దగ్గర నా గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టాను.

తరవాత అత్తయ్యగారిని పిలిచాను. రానన్నారు. బతిమాలాను. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆవిడ వేళ్ళే మీట మీద పెట్టించాను. భయం భయంగా కొంచెం తిప్పి, ఆగి, విని, ఇంకొంచెం తిప్పి... ఆవిడ ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం భగవద్గీత మొత్తం విన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు తరగకుండానే కళ్ళు తుడుచుకున్నాను.

పెద్దవాళ్ళ చెవుల సంగతి కూడా చెప్పాలి. వయసు మీరినకొద్దీ ముందుగా తగ్గేది సన్నటి, కీచు ధ్వనులు వినే శక్తి. 'స', 'త', 'క' లాంటి అక్షరాల పలుకు స్పష్టంగా తెలియదు. అందుకే, "వినబడుతోంది గాని అర్థం కావట్లేదు" అంటారు. మనం సౌండు పెంచుతాం. అదే తప్పు. అలాంటివాళ్ళకి మెల్లగా ఉన్నది వినబడదు, గట్టిగా ఉన్నది మాత్రం మనకంటే ఎక్కువ బాధపెడుతుంది. సౌండు పెంచడానికి బదులు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి, కుర్చీ దగ్గరికి జరపండి. పాత సెట్లమీద 'లౌడ్‌నెస్' అని ఒక బొత్తాం ఉంటుంది. అది బాస్‌ని పెంచుతుంది, నొక్కి ఉంటే తీసేయండి. మా అత్తయ్యగారికి ఈ మార్పుతో మాటలు స్పష్టంగా వినబడ్డాయి.

సౌండు కొలతని డెసిబెల్ అంటారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ గారి పేరుమీద పెట్టారు. ఆయన కూడా ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847లోనే పుట్టారు. ఆయన తల్లికి చెవులు సరిగా వినబడేవి కావు, భార్యకి అసలే వినబడేవి కావు. వినికిడి విలువ తెలిసిన మనిషి! ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు పెద్దవాళ్ళు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినొచ్చన్నారు. అదే 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. పది అంకెలు పెరిగితే పదోవంతు సమయం!

ఇంకో సంగతి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరింటి వరకు. మనకి కార్తీకమాసంలో నాలుగింటికే తెల్లవారుతుంది గాని, చట్టానికి ఆరింటికి గాని తెల్లవారదు! అందుకని ఇప్పుడు సుప్రభాతం మూడో గీత దగ్గరే పెడుతున్నాం. ఒక పళ్ళెంలో బూరెలు పెట్టుకుని పక్కింటావిడ దగ్గరికి వెళ్ళాను. "ఈమధ్య పాట పెట్టట్లేదా వదినగారూ?" అంది. "రోజూ పెడుతున్నాం" అన్నాను. ఆవిడ నవ్వింది, మనవణ్ణి నా ఒళ్ళో పెట్టింది.

సంక్రాంతికి ఆడపడుచు వచ్చింది. ఇప్పుడావిడకీ అరవై దాటాయి. పెట్టె దగ్గర నిలబడి చేత్తో తడిమి చూసుకుంది. వక్కపొడి డబ్బా చూసి, "నాన్నగారిది కదూ" అంది. అవునన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

మీ ఇంట్లో కూడా పాట ఒక్కసారిగా గట్టిగా వస్తోందా? ఈ వరసలో చూసుకోండి:

1. అదే పెట్టెలో రేడియో గాని, వేరే ఏదైనా గాని పెట్టి చూడండి. అది మామూలుగా వస్తే పెట్టె బాగున్నట్టే. కొత్తగా కలిపిన వస్తువు ఎక్కువ ఇస్తోందన్నమాట. అన్నీ గట్టిగా వస్తే అప్పుడు పెట్టెని అనుమానించండి.

2. వెనకాల ఏ కన్నంలో గుచ్చారో చూడండి. 'ఆక్స్' అని ఉన్నదాంట్లోనే పెట్టాలి. 'ఫోనో' అంటే ఫోను కాదండోయ్, గ్రామఫోను రికార్డులది! అది వచ్చినదాన్ని మామూలుకంటే ఇంకో వంద రెట్లు పెంచుతుంది. 'మైక్' అన్నదాంట్లో కూడా పెట్టకూడదు.

3. టీవీ నుంచి కలిపితే, టీవీ మెనూలో సౌండు అవుట్‌పుట్ దగ్గర 'ఫిక్స్‌డ్', 'వేరియబుల్' అని రెండు ఉండొచ్చు. 'వేరియబుల్' పెడితే టీవీ రిమోటుతోనే తగ్గించుకోవచ్చు.

4. ఫోన్లో సౌండు తగ్గించి, పెట్టె మీట సగానికి తెచ్చి చూడండి. మరీ అడుగంటా తగ్గిస్తే రొద పైకి వస్తుంది.

5. ఇవన్నీ అయ్యాకే ఎటెన్యుయేటర్. ఇది పెట్టెలోకి వచ్చే సన్న తీగకే పెట్టాలి. స్పీకర్లకి వెళ్ళే తీగలకి ఎప్పుడూ పెట్టకూడదు, ఆ చిన్న రెసిస్టర్లు మాడిపోతాయి.

6. పెట్టె మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది. తెలిసినవాళ్ళ చేతే చేయించండి. తీగలు మార్చేటప్పుడు కూడా స్విచ్చి ఆపి, మీట సున్నాకి తిప్పండి.

7. కొత్తవాళ్ళ ఫోను కలిపే ముందు కూడా మీట సున్నాకి తెచ్చి, తరవాత మెల్లిగా పెంచండి. ఈ ఒక్క అలవాటు ఉంటే ఆ కార్తీకమాసం పొద్దున మా ఇంట్లో గ్లాసు పడేది కాదు.

సరేనండీ, వచ్చేవారం తప్పకుండా వంటింట్లోనే కలుద్దాం. పెసర పునుకుల కూర చెబుతాను. పప్పు నానబెట్టుకుని ఉండండి. సెలవు!